ఇ. కోలి గారి చిరునామా

కబేళా నుంచి క్లోమాలు పంపే పెద్దాయనకు,

నమస్కారం. ఇరవై ఆరేళ్ళుగా మీరు మా ఇన్సులిన్ ఫ్యాక్టరీకి ఒక్క రోజూ తప్పకుండా పంది క్లోమాలు పంపారు. చక్కెర జబ్బుకు మేము తయారుచేసే మందంతా వాటి నుంచి తీసిందే. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఈ పని పూర్తిగా ఇ. కోలి ద్వారా జరుగుతుంది. కనుక ఇకపై క్లోమాలు పంపనవసరం లేదు. మీ సేవలకు ఫ్యాక్టరీ తరఫున కృతజ్ఞతలు.

— శుద్ధి విభాగం అధికారిణి

తా.క. మీ దగ్గరున్న ఐసు పెట్టెలు మా వ్యానులో తిప్పి పంపగలరు.

*

శుద్ధి విభాగం అమ్మగారికి నమస్కరించి రాయించునది,

మీ ఉత్తరం అందింది.

ఇ. కోలి గారు ఎవరో నాకు తెలియదు. చుట్టుపక్కల మూడు కబేళాలు తిరిగి అడిగాను, ఆ పేరు విన్నవాళ్ళే లేరు. ‘ఇ’ అంటే ఇంటిపేరు ఏమిటో మీరూ రాయలేదు. మా దగ్గర పేగులు కడిగే ఆయన మీద అనుమానం వచ్చి, నా పొట్ట కొట్టడానికి ఆ కోలిని నువ్వే తెచ్చావా అని నిలదీశాను. ఆయన నాతో మాట మానేశాడు.

అమ్మా, నేను ఈ పని కూలి కోసమే చేయలేదు. పెళ్ళయిన రెండో ఏడే మా ఇంటావిడకు చక్కెర జబ్బు వచ్చింది. మీ మందుతోనే ఆమె నిలబడింది. ఏరిన ప్రతి క్లోమమూ ఆమె ఒంట్లోకే పోతుందనుకుని ఏరాను. చల్లారేలోపు తీసి, కొవ్వు ఒలిచి, ఐసులో పెట్టేవాణ్ణి. ఆ కోలి గారు అంత జాగ్రత్తగా చేస్తారా? ఆయన చిరునామా పంపండి, వెళ్ళి మాట్లాడతాను.

— మీ కబేళా మనిషి

తా.క. ఆయనకు పని రాకపోతే నా దగ్గరికే పంపండి. కోపం ఉన్న మాట నిజమే, అయినా పని నేర్పేటప్పుడు చూపించను.

*

పెద్దాయనకు,

తప్పు నాదే. వివరంగా రాయవలసింది.

ఇ. కోలి మనిషి కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవి. మామూలుగా పేగుల్లో ఉంటుంది. మనిషి ఒంట్లో ఇన్సులిన్‌ను తయారు చేయించే జన్యువు ఒకటుంది. దాన్ని ఈ సూక్ష్మజీవి లోపల పెట్టాం. ఇప్పుడు అది తన పనితో పాటు మన పనీ చేస్తుంది. పెద్ద స్టీలు ట్యాంకులో మేత వేసి పెంచితే, ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. కోట్ల కోట్లుగా పెరిగాక వాటిని పగలగొట్టి, లోపలి ప్రోటీన్‌ను బయటకు తీసి శుద్ధి చేస్తాం. ఆ శుద్ధి నా విభాగం పని. అచ్చం మనిషి ఒంట్లో తయారయ్యే ఇన్సులినే వస్తుంది.

— శుద్ధి విభాగం అధికారిణి

తా.క. పేగులు కడిగే ఆయనకు నా తరఫున కూడా క్షమాపణ చెప్పండి. పైన పేగుల మాట వచ్చింది గానీ, ఆయనకు దీనితో ఏ సంబంధమూ లేదు.

*

అమ్మగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు విన్నాను.

నేను పనిలో చేరిన రోజు మీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆయన ముందుగా ఒకటే చెప్పారు. పేగు తెగి క్లోమానికి తగిలితే పెట్టెకు పెట్టె పారేయమన్నారు. పేగుల్లో క్రిములుంటాయన్నారు. నేను అలాగే పారేశాను. ఇరవై ఆరేళ్ళు ఏ క్రిమిని పెట్టెలోకి రానివ్వకుండా కాపలా కాశానో, ఈరోజు నా ఉద్యోగం దానికే ఇచ్చారు.

ఆ మందు మా ఇంట్లోకి రానివ్వను. పాత మందు సీసాలు నాలుగున్నాయి. అవి ఎక్కువ కాలం రావాలని, మోతాదు సగానికి తగ్గించమని మా ఆవిడకు చెప్పాను. సరేనంది.

— కబేళా మనిషి

తా.క. పని అయ్యాక వాటిని పగలగొడతామని రాశారు. నాకు ఉత్తరం ముక్కతో సరిపెట్టినందుకు సంతోషం.

*

పెద్దాయనకు,

దీన్ని తపాలాలో వేయకుండా వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. వెంటనే చదవండి. మోతాదు తగ్గించవద్దు. సగం మందుతో ఆమె ప్రాణం మీదికి రావచ్చు. ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మీకు నా మీద కోపం ఉంటే నా మీదే చూపండి, ఆమె ఒంటి మీద కాదు.

మీ భయం తప్పని నేననను. ఆ భయమే నా ఉద్యోగం. మా గదిలో మనిషెత్తు గాజు గొట్టం ఒకటుంది, నిండా ఇసుకంత సన్నటి పూసలు. పగిలిన సూక్ష్మజీవుల రసం అందులో పోస్తే ఇన్సులిన్ పూసలకు అంటుకుంటుంది, మిగతాది కిందికి జారిపోతుంది. తర్వాత వేరే ద్రవం పోసి అంటుకున్నదాన్ని విడిపిస్తాం. ఇలా ఒకసారి కాదు, చాలాసార్లు. చివర్లో క్రిమి జాడ ఏమైనా మిగిలిందేమో పరీక్షిస్తాం. అనుమానం వస్తే మేమూ మొత్తం పారేస్తాం.

మంగళవారం ఉదయం వచ్చి మీ కళ్ళతో చూడండి. ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషికి ఇక పని లేదన్న మాట ఎదురుగా వచ్చి చెప్పవలసింది. కాగితం పంపాను. అది నన్ను బాధపెడుతోంది.

— శుద్ధి విభాగం అధికారిణి

తా.క. లోపలికి వచ్చేముందు చెప్పులు విప్పించి, తలకూ గడ్డానికీ తొడుగులు వేస్తాం. ఏమీ అనుకోవద్దు. ఆ సూక్ష్మజీవుల నుంచి మీకేదో సోకుతుందని కాదు, మీ నుంచి వాటికి సోకకుండా.

*

అమ్మా,

నేను ఆయన భార్యను. ఆయన చేతికి కత్తి అలవాటు, కలం కాదు. ఇంతవరకు మీకు వచ్చిన ఉత్తరాలు ఆయన చెబుతుంటే నేను రాసినవే.

మీకు ఒక నిజం చెప్పాలి. నేను మోతాదు తగ్గించలేదు. అసలు పాత మందే వేసుకోవడం లేదు. దానివల్ల సూది గుచ్చిన చోటల్లా తొడల మీద గుంటలు పడ్డాయని, అయిదు నెలల కిందటే ఆసుపత్రి డాక్టరుగారు కొత్త మందుకు మార్చారు. వేరే కంపెనీది. అదీ ఇ. కోలి చేసిందేనని మీ రెండో ఉత్తరం వచ్చాక డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను. పొద్దున నేను సూది వేసుకునే వేళకు ఆయన కబేళాలో ఉండేవారు, సాయంత్రం వేళకు అక్కడే పెట్టెలు మీ వ్యానుకెక్కిస్తూ ఉండేవారు. తన చేతి కష్టంతో నేను బతుకుతున్నానని నమ్మే మనిషికి ఈ సంగతి ఎలా చెప్పను?

సగం మోతాదు అబద్ధమని తెలిసే రాశాను. అది చదివితే మీరు కంగారుపడి ఆయన్ని పిలుస్తారని, ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుతారని ఆశపడ్డాను. కాగితంతో పంపేసినవాళ్ళు ఊరికే పిలవరు కదా. మిమ్మల్ని భయపెట్టాను, క్షమించండి.

మంగళవారం మీ గది చూసి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. తర్వాత, “ఆ గదిలో నెత్తురు వాసనే లేదు” అన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నారు. అప్పుడు నా సంగతంతా చెప్పేశాను. లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. చీకటి పడకముందే వచ్చి పడుకున్నారు.

మర్నాడు పొద్దున ఇంట్లోనే ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండటం అదే మొదలు. నేను సూది తీస్తుంటే పక్కన కూర్చున్నారు. గుంటలు చూసి, ఒక్కొక్కటీ వేలితో తడిమారు.

“ఇవి నా మందు చేసినవేనా?”

“ఆ మందే లేకపోతే గుంటలు పడటానికి ఒళ్ళే ఉండేది కాదు” అన్నాను.

సూది చేతిలోకి తీసుకున్నారు. ఎలా వేయాలో నేర్పమని అడిగారు. నేర్పాను. కత్తి పట్టిన చేయి గదా, గట్టిగా దించుతారని పళ్ళు బిగబట్టాను. గుచ్చినట్టే తెలియలేదు. ఇప్పుడు పొద్దుటి సూది ఆయనే వేస్తున్నారు.

— కబేళా ఆయన ఇల్లాలు

తా.క. ఆయన చెప్పిన తిట్లన్నీ ఉత్తరాల్లో రాయలేదు. శుద్ధి చేయడం మీ ఒక్కరికే వచ్చనుకోకండి.