తంబూర వెనక దగ్గు

అమ్మా,

నువ్వు పోయాక నీ మనవరాలు వెన్నెల స్కూల్లో ఆన్‌లైన్ సంగీతం ఎలెక్టివ్ తీసుకుంది. ఇవాళ పరీక్ష. పెద్దవాళ్ళెవరూ గదిలో ఉండకూడదన్నారు. కుక్కర్ కూత వినపడుతుందని స్టవ్ ఆపేసి, తలుపు బయటే నిలబడ్డాను.

లాప్‌టాప్ ముందు కూర్చుని, ఫోన్లో నువ్వు రికార్డు చేసిపెట్టిన తంబూర పెట్టుకుని పాట మొదలుపెట్టింది. టీచరు ఆపేసింది.

"శ్రుతి లేకుండ పాడుతున్నవేంది?"

"ఇక్కడ మోగుతోందండీ."

"నాకు వస్తలేదు. యాప్ దాన్ని రొద అనుకొని తీసేస్తున్నట్టుంది. సెట్టింగ్స్‌ల అది బంద్ చెయ్యి."

వెన్నెల ఆ సెట్టింగ్ ఆపింది. ఈసారి తంబూర టీచరుకి చేరింది. దాంతోపాటే నీ దగ్గూ చేరింది.

"పక్కన ఎవరున్నరు? ఇట్లయితే మార్కులు వెయ్యలేను."

లోపలికి వెళ్ళి చెబుదామంటే నేనే దొరికిపోతాను. తలుపు పిడి పట్టుకుని ఆగిపోయాను.

"ఎవరూ లేరండి. అది మా అమ్మమ్మ దగ్గు. తంబూర ఆవిడే మీటారు. ఇప్పుడు లేరు."



"వేరే తంబూర ఉంటే పెట్టుకో బిడ్డా."

"దీంతోనే నేర్చుకున్నానండి."

"సరే, ఉండనియ్యి. పాడు."

పాడింది. మధ్యలో నువ్వు మళ్ళీ దగ్గావు. ఈసారి ఎవరూ ఆపలేదు.