కొరమీను మొప్పల్లో కొత్త జీవి

నల్లపాడు, 4-8-1999

దర్శి చేపల బజారు హయాత్ గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ దగ్గర కొరమీను కొన్నాను. నేను చేపల మీద పరిశోధన చేస్తున్నాను. దాని మొప్పల్లో మైక్రోస్కోపుకి తప్ప కనపడని పురుగొకటి దొరికింది. ప్రపంచంలో ఎవరూ చూడని రకమని నా నమ్మకం. ఒక్కటి చూపిస్తే మా సారు ఒప్పుకోరు. నెలాఖరులోగా ఇంకొన్ని దొరక్కపోతే నా నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అదే చెరువు చేపలు పది పంపండి.

ఇట్లు, నాగజ్యోతి

తా.క. కూర అమోఘం. మొప్పలు తప్ప అంతా తినేశాను.

దర్శి, 9-8-1999

మేడం గారికి హయాత్ సలాం.

కార్డు మీద రాశారేంటమ్మా, కవరు దొరకలేదా? నా చేతులు తడిగా ఉండి పక్క కొట్టు పేరయ్యని చదవమన్నా. గొంతెత్తి చదివాడు, బజారంతా విన్నది! మా తాతల నాటి నుంచీ నా చేపలో పురుగుందని అన్నవాడు లేడు. పది మేలైన చేపలు ఏరి, మొప్పలు పీకి, ఉప్పూ పసుపూ వేసి తోమి పంపుతున్నా. ఇప్పుడు వెతకండి!

ఇట్లు, పరువు పోయిన హయాత్

తా.క. పేరయ్య అడక్కుండానే రెండోసారి కూడా చదివాడు.

నల్లపాడు, 14-8-1999

హయాత్ గారూ, నమస్తే.

అయ్యో, నాక్కావలసింది ఆ మొప్పలేనండీ! ఆ పురుగు వల్ల మనుషులకి హాని లేదు, మీకు అవమానమూ లేదు. దొరికితే దానికి మీ పేరే పెడతాను. మా శాస్త్రంలో అది పెద్ద గౌరవం. ఈసారి బతికున్నవి, నీళ్ల క్యానులో పంపండి. పంపకపోతే నేనే వచ్చి మీ కొట్టు ముందు కూర్చుని కోస్తాను. నేను వదిలే రకం కాదు.

ఇట్లు, నాగజ్యోతి

తా.క. మైక్రోస్కోపు కూడా తెస్తాను.

దర్శి, 18-8-1999

తల్లీ, సలాం.

రావద్దు! బతికున్న చేపలు బస్సెక్కించా. కానీ పురుక్కి నా పేరా? నేనేం పాపం చేశాను? పెట్టి తీరాలంటే పేరయ్య పేరు పెట్టండి. అతనూ ఆ చెరువు చేపలే అమ్ముతాడు.

ఇట్లు, హయాత్

తా.క. ఇంటిపేరుతో సహా పెట్టండి.

నల్లపాడు, 2-6-2000

హయాత్ గారికి వేల నమస్కారాలు.

మీరు పంపిన వాటిలో ఎనిమిది చేపల్లో దొరికింది! సారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, కొత్తదేనన్నారు. విదేశీ పత్రికలో అచ్చయింది. మీరు కోరినట్టే పేరయ్య గారి పేరు పెట్టి, ఆ కాగితం ఆయనకి పంపాను.

ఇట్లు, మీ నాగజ్యోతి

తా.క. గౌరవాన్ని ఎదుటివాళ్లకిచ్చే మనసు ఎందరికుంటుంది!

దర్శి, 20-6-2000

అమ్మా నాగజ్యోతీ, సలాం.

కొంప ముంచావు తల్లీ! పేరయ్య ఆ కాగితానికి పటం కట్టించి కొట్లో తగిలించాడు. హైస్కూలు వాళ్లు పిలిచి శాలువా కప్పారు. లోకం ఉన్నన్నాళ్లూ ఆయన పేరుంటుందట! జనమంతా అక్కడే, నా కొట్లో ఈగలు. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది.

ఇక ఊరుకోను. ఏడు చెరువుల చేపలు క్యాన్లలో వస్తున్నాయి. మొప్పలు, పేగులు, కళ్లు ఏదీ వదలొద్దు. నాకో పురుగు దొరికి తీరాలి. దొరికేదాకా వారం వారం పంపుతూనే ఉంటా.

ఇట్లు, పట్టు వదలని హయాత్

తా.క. పేరయ్య దానికంటే కాస్త పెద్దదైతే మంచిది.