మాట విన్నది ఒక్కరే

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క ఆశీస్సులు. నేనూ మీ చిన్నక్కా ఒంట్లో బాగానే ఉన్నాం. తక్కిన బాగోగులు ఈ ఉత్తరంలోనే తెలుస్తాయి. నీ నడుంనొప్పి తగ్గిందో లేదో రాయలేదు. రాయలేదంటే తగ్గలేదనే అనుకుంటున్నాను. ఓడ ఇంజను గదిలో వంగి పని చేసేటప్పుడు నేను పంపిన బెల్టు పెట్టుకో. పెట్టె అడుగున పడేసి ఉంటావు, నాకు తెలుసు. పొద్దుటి ప్రార్థనలో ముందు నీ నడుం సంగతే చెప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. రేవులో దిగగానే ఫోనులో మన పెట్టుడు కాళ్ళ దుకాణం సైటు కోసం వెతికావనీ, ఏడో పేజీ దాకా చూసినా కనబడలేదనీ రాశావు. మూడు ప్రశ్నలు వేశావు. ఇంకా ఎవరైనా వస్తున్నారా? చెత్త లింకులు తీయించడానికి నువ్వు చెప్పినట్టు చేశానా? టైపిస్టు గారి పేజీ ఏమైంది? వరుసగానే జవాబు రాస్తాను. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి కొంచెం ధైర్యం కూడుతుందేమో.

వచ్చేవాళ్ళ సంగతి. పోయిన నెల ఇద్దరు వచ్చారు. ఒకాయన పాత పెట్టుడు కాలికి పట్టీలు మార్పించుకుని వెళ్ళాడు. ఒకావిడ కొత్త కాలు గురించి వివరంగా అడిగి, పెద్ద కంపెనీలో కూడా కనుక్కుని వస్తానంది. రాలేదు. కాలి అచ్చు తీసే కుర్చీలో మీ చిన్నక్క అల్లిక సామాను పెట్టుకుంటోంది. కొత్త కాలితో నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకునే కడ్డీల మీద మా తువ్వాళ్ళు ఆరుతున్నాయి. నాన్న ఉండి ఉంటే ఒప్పుకునేవారు కాదు. నేను చూసి ఊరుకున్నాను.

"అక్కా, నాన్న చేసిన కాళ్ళు ఊరంతా తిరుగుతున్నాయి. మన గుమ్మం దాకా రావడానికే వాటికి తీరిక లేదు" అంటుంది మీ చిన్నక్క. దాని నోటి సంగతి నీకు తెలిసిందే. నవ్వించాలనే అంటుంది. అని, తనే లోపలికి వెళ్ళిపోతుంది.

ఇక రెండోది. దీనికి మొదటి నుంచీ రాయాలి. నీకు తెలిసినదే అయినా, రాస్తే నా తప్పు నాకు సరిగ్గా కనబడుతుంది.

సైటు పెట్టిన కొత్తలో నువ్వు నాకు నేర్పిన పాఠం గుర్తుంది. ఎవరైనా తమ పేజీలో మన గురించి రాసి, అక్కడ నొక్కితే మన సైటు తెరుచుకునేట్టు చేస్తే అదొక లింకు. అలాంటివి ఉంటే, పెట్టుడు కాలు కోసం వెతికేవాళ్ళకు మనం ముందు కనబడతాం. కానీ ఎంతమంది చెప్పారన్నది ఒక్కటే చూడరు, చెప్పినవాళ్ళు ఎలాంటివాళ్ళో కూడా చూస్తారు. అందుకని ఎవరినీ బతిమాలవద్దనీ, కొనవద్దనీ, పనికొచ్చే నాలుగు మాటలు మన పేజీలో రాసి ఓపిక పట్టమనీ చెప్పావు. నేను రాశాను కూడా. కాలు దూరే గిన్నెను ఎలా తుడుచుకోవాలి, చర్మం ఎర్రబడితే ఏం చేయాలి, వానలో బూటు జారకుండా ఏం చూసుకోవాలి, అన్నీ. మూడేళ్ళలో పదకొండు లింకులు వచ్చాయి. ఆ పదకొండింటికీ ప్రాణం టైపిస్టు గారి లింకే. మనం చేసిన కాలు తొడుక్కుని రోజూ ఎక్కడికి నడిచిందీ, ఏ మెట్టు దగ్గర ఆగిందీ, ఏ బెంచీ మీద కూర్చున్నదీ ఆయన తన పేజీలో రాసేవారు. కాలు పోయినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చదివేవారు. మిగతా పదిమందీ మన పేరు తెలుసుకున్నది ఆయన దగ్గరే.

ఆ తర్వాత పెద్ద కంపెనీ వచ్చింది. మనం కిందికి జారాం. అప్పుడే ఆ లింకులు అమ్మేవాడి ఫోను వచ్చింది.

"మేడమ్, మీకు లింకులెన్ని ఉన్నాయి?"

"పదకొండు."

"పదకొండా! పదకొండు మందిని కూర్చోబెట్టి సభ పెడతారా మేడమ్ ఎవరైనా? కంపెనీ వాళ్ళకి వేలల్లో ఉన్నాయి. రెండు నెలలాగితే మిమ్మల్ని ఎవరు వెతుకుతారు?"

"కొత్తవాళ్ళు మా గురించి ఎందుకు రాస్తారు? వాళ్ళెవరూ మా కాళ్ళు వాడలేదుగా."

"వాడక్కర్లేదు మేడమ్. మొదటి నెల ఊరికే చేసి పెడతా. మీరు ఊఁ అనండి చాలు."

నువ్వు సముద్రం మీద ఉన్నావు. అడగడానికి లేదు. ఊఁ అన్నాను. అది నీకు అప్పుడే రాశాను. నువ్వు తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఒక నెల పైకి లేచాం. తర్వాత ఒక్కసారిగా ఎక్కడా లేకుండా పోయాం. మన పేరు ఎక్కడెక్కడ అతికించాడో అప్పుడు తెలిసింది. పందాల పేజీల్లో, నిద్రమాత్రల పేజీల్లో, బట్టతల మందుల పేజీల్లో. "జుట్టు లేనివాళ్ళకీ కాళ్ళు లేనివాళ్ళకీ ఈయన కుదిర్చిన చుట్టరికం ఏమిటో!" అంది మీ చిన్నక్క. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నువ్వు రాసిన మందు ఇది. మన లింకులున్న సైట్ల జాబితా తీయించు. ఒక్కొక్కటీ తెరిచి చూడు. చెత్తవాళ్ళకు మాత్రం, మా లింకు తీసేయండని మర్యాదగా రాయి. "తెరిచి చూడు" అన్న మాట కింద గీత కూడా గీశావు.

జాబితా తీయించాను. ఉత్తరాలు రాశాను. కానీ తెరిచి చూడలేదు.

ఇంతవరకూ నీ దగ్గర దాచింది ఇదే. మొదటిది తెరిచాను, పందాలు. రెండోదీ అంతే. మూడోది తెరిచి, చప్పున మూసేసి, కుర్చీలోంచి లేచిపోయాను. అందులోని బొమ్మలు ఎలాంటివో నీకు రాయలేను. ఇంకా రెండు వందలు అలాంటివి చూడాలా అనిపించింది. ప్రార్థన చేసుకునే కళ్ళతో చూడదగ్గవి కావనుకున్నాను. అది భక్తి అనుకున్నాను, తమ్ముడూ. బద్ధకమేమో, అహంకారమేమో ఇప్పుడు చెప్పలేను.

మీ చిన్నక్క అడిగింది కూడా. "నీకు సిగ్గయితే నేను చూస్తానక్కా. నాకేం, కళ్ళు కడుక్కుంటే పోయె."

"వద్దు" అన్నాను. "పేరు చూసి తెలిసినవాళ్ళను పక్కన పెట్టి, మిగతా అందరికీ పంపేద్దాం."

పేరు చూసి తెలిసినవి పది దొరికాయి. పదకొండు ఉండాలని నాకు తెలుసు. పదకొండోది ఎక్కడుందో వెతకలేదు.

ముందు మర్యాదగానే రాశాను. ఎవరూ పలకలేదు. పది రోజులాగి రెండోసారి కాస్త గట్టిగా రాశాను. ఆ మాటలు ఇక్కడ దించుతున్నాను. నువ్వు చదవాలి. "మీ పేజీలో మా పేరు ఉండటం వల్ల మాకు చెడ్డపేరు వస్తోంది, మా పని దెబ్బతింటోంది. మీకు ఏమాత్రం మర్యాద ఉన్నా వెంటనే తీసేయండి." అందరికీ ఇదే.

రెండు వందల పద్నాలుగు మందికి పంపాను. మర్నాడే ఒక్క జవాబు వచ్చింది. "తీసేశాను. మీకు ఇబ్బంది కలిగించినందుకు మన్నించండి." కింద పేరు లేదు. పైన చిరునామా ఉత్త అక్షరాలూ అంకెలూ. ఒక్కరైనా మాట విన్నారని సంతోషించాను. ఆ సాయంత్రం మోకరిల్లి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. ఆ ఒక్కరూ టైపిస్టు గారే.

ఆ పందాలవాళ్ళలో, బట్టతలవాళ్ళలో ఒక్కడూ కదలలేదు. వాళ్ళ పేజీల్లో మన పేరు ఈ రోజుకీ అలాగే ఉంది.

నాలుగు నెలలకోసారి పట్టీలు చూపించుకోవడానికి ఆయన రావాలి. గడువు దాటినా రాలేదు. పెద్దవాడు కదా, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. ఆయన పేజీ మళ్ళీ పెట్టించగలిగితే కోలుకుంటాం, లేకపోతే ఏడాది చివర తాళం వేసేద్దాం అని రాశావు. మీ చిన్నక్క జాబితా ముందేసుకుని, ఆ అక్షరాల చిరునామా తెరిచింది. "అక్కా, ఇలా రా" అంది. నా పేరు పెట్టి తిట్టినా అంత భయం వేసేది కాదు. తెరిస్తే ఉత్త తెల్ల పేజీ. పైన మాత్రం ఆయన పెట్టుకున్న పేరు మిగిలింది: "ఈ రోజు నడక".

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టి కూడా లోపలికి రమ్మనడానికి కాసేపు ఆలోచించింది.

"నాన్న ఇప్పుడు నడవడం లేదండీ" అంది.

ఆయన కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నారు. కాలు తలుపు మూలన నిలబెట్టి ఉంది. బూటు తొడిగే ఉంది, లేసు ముడి కూడా విప్పలేదు.

"రండమ్మా. కాలు మీద ఫిర్యాదేమీ లేదు. అది బాగానే ఉంది."

"మరి ఎందుకు తీసేశారండీ?"

"రాసుకోవడానికే నడిచేవాణ్ణి. ఇవాళ ఏం రాయాలా అని మెట్లు దిగేవాణ్ణి. మీ మొదటి ఉత్తరం పొరపాటున వచ్చిందనుకున్నాను. రెండోదాంట్లో నా రాతవల్ల మీకే చెడ్డపేరు వస్తోందన్నారు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఇతరుల ఉత్తరాలు టైపు చేశాను, ఉత్తరంలో మాటకు బరువెంతో నాకు తెలుసు. ఊరికే రాసి ఉండరనుకున్నాను."

ఆ ఉత్తరం ఆయనకు కాదని చెప్పాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. బొమ్మల సంగతి, పదకొండోది వెతకని సంగతి, దేవుడికి కృతజ్ఞత చెప్పిన సంగతి కూడా. విన్నారు. కోపం రాలేదు. కోపం వచ్చేంత ఓపిక ఆయనలో కనబడలేదు.

"పాతవి ఎక్కడైనా దాచారా?" అని అడిగాను.

"లేదమ్మా. తీసేయమన్నారు కదా, మొత్తం తీసేశాను. తప్పు పడితే కొత్త కాగితం ఎక్కించి మళ్ళీ కొట్టేవాళ్ళం ఆ రోజుల్లో. మూడేళ్ళ నడక మళ్ళీ ఎవరు కొడతారు?"

వాళ్ళమ్మాయి వంటింటి గుమ్మంలోంచి, "మీకు ఆ లింకేదో మళ్ళీ కావాలనే వచ్చారా?" అంది. ఎత్తిపొడుపే. కానీ నిజం. దాని కోసమే బయలుదేరాను. నీ ఉత్తరం నా ఒళ్ళో సంచిలోనే ఉంది.

"ఖాళీ పేజీ మీద మీ పేరొక్కటీ పెట్టమంటే ఇప్పుడే పెడతానమ్మా" అన్నారాయన. "రెండు నిమిషాల పని."

నువ్వు అక్కడ ఉంటే ఏమనేవాడివో తెలియదు. నేను వద్దన్నాను. ఆ మాటతో మన తాళం మనమే వేసుకున్నట్టేనని తెలిసే అన్నాను.

మూల నుంచి కాలు తెచ్చి తొడిగి చూశాను. దూరలేదు. రెండు నెలలు తొడక్కపోయేసరికి మోకాలి కింద వాచి, ఆకారం మారిపోయింది. ఆయన మొహం తిప్పుకున్నారు. మర్నాడు ప్లాస్టరు పట్టీలు తీసుకుని వెళ్ళి, వాళ్ళింట్లోనే అచ్చు తీశాను. ప్లాస్టరు గట్టిపడే దాకా ఆయన కాలు నా రెండు చేతుల్లో పట్టుకుని కూర్చోవాలి కదా. వచ్చేసేటప్పుడు, "కొత్త గిన్నె చేశాక నడుస్తారా?" అని అడిగాను. నడుస్తానని అనలేదు. నడవననీ అనలేదు.

ఏడాది చివర తాళం వేద్దామన్న నీ మాటకు ఒప్పుకుంటున్నాను. మీ చిన్నక్క ఆసుపత్రిలో పట్టీలు కుట్టే పనికి మాట్లాడుకుంది. నా మీద జాలిపడి సెలవు నాడు వచ్చి దెప్పిపొడుస్తానని మాటిచ్చింది. నాన్న గిన్నెల అంచులు అరగదీసిన ఆకురాళ్ళు నీ కోసం నూనె రాసి ఉంచుతాను. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమించేస్తావు. అంత తేలిగ్గా నాకు వద్దు.

ఆయన అచ్చు కిటికీ దగ్గర ఆరుతోంది. నా చేత్తో చేసే ఆఖరి గిన్నె ఇదే.

నువ్వు మళ్ళీ రేవులో దిగినప్పుడు మన సైటు వెతకకు. "ఈ రోజు నడక" అని వెతుకు. నేను చూడను. ఆయన కోసం చూస్తున్నానో, మన పేరు కోసం చూస్తున్నానో నా మీద నాకే నమ్మకం లేదు. అందులో ఒక్క వాక్యం కనబడినా, కింది మెట్టు దాకా వెళ్ళి వచ్చానని ఉన్నా, నాకు రాయి. మన పేరు ఉందో లేదో మాత్రం రాయకు.

ఇట్లు,
నీకు నడక నేర్పిన
పెద్దక్క