వంటా వార్పులో ఉడికిన ఉగ్గు

మాదాపూర్,
మంగళవారం.

ప్రియమైన అక్కకు, సుజాత నమస్కారాలు.

మేం ముగ్గురం ఇక్కడ బాగున్నాం. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. బావ మోకాలినొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేనూ మొదలుపెడతాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం.

బస్సులు తిరగ్గానే చిన్నిని తెచ్చి నీ దగ్గర వదులుతామని చెప్పాం కదా. ఆ సంగతే రాస్తున్నాను.

ఏడో నెల వచ్చినా పాప ముద్ద ముట్టలేదు. బరువు పెరగలేదని డాక్టరమ్మ కోప్పడింది. కొన్న డబ్బా పొడి పెడితే ఉమ్మేసింది. నువ్వు ఉగ్గుపొడి చేసి మూట కట్టి ఉంచావు కానీ, ఈ తెలంగాణ సమ్మె వల్ల ప్రొద్దుటూరు నుంచి బస్సు కదల్లేదు. నా సెలవు చూస్తే ఆదివారంతో సరి. ఇక నేనే పూనుకుని బియ్యం, పెసరపప్పు కడిగి ఫ్యాను కింద ఆరబోశాను. దోరగా వేయించాను. అంతవరకు బాగానే ఉంది. పసిబిడ్డకు మెత్తగా ఉంటేనే మంచిదనుకుని, మిక్సీలో పౌడరులా అయ్యేదాకా తిప్పాను. అదేం చేసింది, ఉడికేసరికి గరిటెను పట్టుకుని వదల్లేదు! చిన్ని పెదాలు బిగించి కూర్చుంది.

కింద ఇంట్లో ఉండే మా ఓనరమ్మ యాదమ్మ పైకొచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"గిదేంది బిడ్డా? గోడలకు పోస్టర్లు అంటించనీకి మస్తుగుంటది. మా పోరగాళ్లకిస్త తియ్" అంది.

నాకు నవ్వు రాలేదక్కా, ఏడుపొచ్చింది. ఆమె గిన్నె పక్కన పెట్టి నా వీపు నిమిరింది. "ఫికర్ చెయ్యకు. గంత మెత్తగ జేస్తే బంకలెక్క అయితది. రవ్వలెక్క ఇసరాలె" అని, తన విసుర్రాయి దులిపి మళ్లీ మొదటి నుంచి చేయించింది. ఆరబెట్టి, వేయించి, విసిరేసరికి రెండు రోజులు పట్టింది. తీరా ఆదివారం పొద్దున వండుదామంటే గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఆ రోజే మా వీధి చివర వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరూ అక్కడే తింటారు. అదీ ఇక్కడి నిరసన. యాదమ్మ పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నా సంగతి తెలిసి, "పొల్లను తీస్కొని రా, ఉగ్గు మర్వకు" అని కబురు పంపింది.

వెళ్లడానికి భయమేసింది. నోరు తెరిస్తే నా యాస నన్ను పట్టించేస్తుంది కదా! అనుకున్నట్టే పొయ్యి దగ్గరున్న ఒకామె, "ఏ ఊరు మీది?" అని అడిగింది. ప్రొద్దుటూరు అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. ఆమె గరిటె ఆగింది.

యాదమ్మ వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఏ ఊరైతేంది? పొల్లకు ఆకలైతలేదా? జర జరుగు, గిన్నెకు జాగ ఇయ్యి" అంది.

ఆమె జరిగింది. జరగడమే కాదు, తన డబ్బాలోంచి చెంచాడు నెయ్యి తీసి ఉగ్గులో వేసింది. చిన్నేమో డప్పు కొట్టేవాళ్లను చూస్తూ నోరు తెరిచి కూర్చుంది. యాదమ్మ వేలితో కొద్దిగా నోట్లో పెట్టింది. మింగింది. మళ్లీ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయింది! చుట్టూ ఉన్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"రేపు నౌకరికి పో. పొల్ల నా కాడ ఉంటది" అంది యాదమ్మ, గిన్నె కడుగుతూ.

నిన్న వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి చిన్ని ఆమె ఒళ్లో నిద్రపోతోంది, మూతికి ఇంకా ఉగ్గు అంటుకునే ఉంది. అందుకే పాపను పంపడం లేదక్కా. నీ చేతిలో పెరగడం కంటే అదృష్టం లేదని తెలుసు. నువ్వు అప్పుడే ఊయల కట్టించావనీ తెలుసు. అయినా నా బిడ్డ రోజూ నా దగ్గర నిద్రపోవాలని ఉంది. కోపగించుకోకు.

బస్సులు తిరిగాక నువ్వే రా, నీ ఉగ్గుపొడి తీసుకుని. యాదమ్మకు ఒక మూట కొర్రబియ్యం కూడా తే. కొర్రన్నం ఎట్లుంటదో చూస్తానంది. మీ మరిది ఆఫీసు మానకుండా వెళ్తున్నారు, వేళకు తింటున్నారు, ఆయన గురించి దిగులు పడకు. బావకు మా నమస్కారాలు. చిన్నిని మనసారా దీవించండి.

మొన్న ఫోన్లో నువ్వు, "ఇంత గొడవలో ఆడ మీకెవరుండారే?" అని ఏడ్చావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఉండారక్కా.

నీ చెల్లెలు,
సుజాత