సురపొన్న చెట్టు తుపానుకు పడలేదు

టెక్కలి పట్టణం, పొగడచెట్టు వీధి కాపురస్తుడు, కీర్తిశేషులు డబ్బీరు జగన్నాథం గారి కుమారుడు, వృత్తి మానుకున్న దస్తావేజు లేఖరి, డెబ్బై నాలుగేళ్ల వయసు గల డబ్బీరు ఉమాపతి అను నేను స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా.

నా మతి స్థిమితంగా ఉంది. చూపు మందగించింది, మోకాళ్లు మొండికేస్తున్నాయి, జ్ఞాపకశక్తికి మాత్రం ఏ లోపమూ లేదు. ఈ మాట ఎందుకు రాయవలసి వచ్చిందో నాలుగో పేరాలో తెలుస్తుంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ప్రలోభపెట్టలేదు. అసహ్యం ఒక్కటే ఈ కాగితం ముందు కూర్చోబెట్టింది. ఇంతకుముందు రాసిన వీలునామా ఏదీ లేదు.

1. నా ఏకైక కుమార్తె నాగసుధ పలాసలో జీవశాస్త్రం టీచరు. నేనుంటున్న పెంకుటిల్లు, పెరడు, బావి, కీర్తిశేషురాలైన నా భార్య సుభద్ర నగలు, బ్యాంకులో మిగిలినది సర్వహక్కులతో ఆమెకు చెందాలి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. దేవుడి మూలనున్న ఇత్తడి గంధపు గిన్నెను ఆమెకే విడిగా రాస్తున్నాను. ఆడుకోవడానికి అది కావాలని ఆరేళ్లప్పుడు అడిగితే, పగలగొడతావని కసిరాను. ఇత్తడి పగలదని అప్పుడే నాకు తెలుసు.

2. నలభై ఒక్క ఏళ్ల నా దస్తావేజుల చిత్తు పుస్తకాలు, భోషాణంలో ఉన్నవన్నీ, నాగసుధకే. అమ్మితే కిలోల లెక్కన పోతాయి. కానీ ఈ ఊళ్లోని పాత చెట్లు ఇప్పుడు వాటిలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో హద్దులు చెట్లతో రాసేవాళ్లం. ఉత్తరం నేరేడు, పడమర జంట తాటిచెట్లు, దక్షిణం ఇప్పచెట్టు అని రాస్తే అడిగేవాడు లేడు. ఒక్కోదానికి ఏం జరిగిందో పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంచాను. రావివలస దారిలో నేరేడు పళ్లు రాలి కారు మీద మరకలు పడుతున్నాయని ఒక పెద్దమనిషి దాని మొదట్లో యాసిడ్ పోయించాడు. ఆయన పోతే దండ పట్టుకుని నేనూ వెళ్లాను. ఇప్ప ఆకులు కాలువలో పడుతున్నాయని ఇప్పను కొట్టేశారు. ఆ కాలువ ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లతో పూడి, వానాకాలం దాని మురుగంతా మా వీధిలోకి వస్తుంది. మా వీధి పొగడ ఒక బట్టల కొట్టు బోర్డుకు అడ్డమైంది. ఆ పూలు సుభద్ర తెల్లవారుజామునే ఏరి, దారానికి గుచ్చి, ఎండిపోయాక కూడా బట్టల మధ్య పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్లు పొగడచెట్టు అంటే ఎవరిదో ఇంటిపేరు అనుకుంటున్నారు.

3. నా భార్య తమ్ముడు ఢిల్లీశ్వరరావుకు నా ఆస్తిలో ఏమీ లేదు. మరచిపోయి వదిలేశానని ఎవరూ వాదించకుండా పేరు పెట్టి రాస్తున్నాను. నా పాడె మోయడానికి అతణ్ణి రానివ్వకూడదు. నా ఫొటోతో ఫ్లెక్సీ వేయించి ఏ చెట్టుకైనా మేకులు కొడితే, నాగసుధ అక్కడే చింపెయ్యాలి.

4. ఈ పేరా ఆస్తికి సంబంధించినది కాదు, వాంగ్మూలం.

బాప్టిస్టు చర్చిలో గంట కొట్టే జెకర్యా 1984లో ఇంటి స్థలం కొనుక్కున్నాడు. దస్తావేజు నేనే రాశాను. దాని తూర్పు హద్దు సురపొన్న చెట్టు. నలుగురు చేతులు కలిపితే గాని అందనంత మొదలు. దాని కాయల నూనెతో మా నాయనమ్మ కాలంలో దీపాలు పెట్టేవారట. ఉద్దానం నుంచి పడవలు చేసేవాళ్లు వచ్చి, ఆ మాను చూసి, కొట్టడానికి మనసొప్పక వెళ్లిపోయారని మా నాన్నగారు చెప్పేవారు. "తూర్పు: సురపొన్న చెట్టు. సదరు చెట్టు ఈ స్థలంలో చేరినది" అని రాశాను. జెకర్యా చేతులు కట్టుకుని, "ఆ పక్క కొలత అడుగుల్లో ఏస్తే మంచిది గదా బాబూ?" అన్నాడు. "ఇంత చెట్టుండగా అడుగులెందుకయ్యా? ఇదెక్కడికి పోతుంది?" అన్నాను. చదువుకున్నవాడిననే పొగరు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమయ్యాయి. సురపొన్న మాత్రం రెండు కొమ్మలు విరిగి నిలబడింది. జెకర్యా అప్పటికి లేడు. అతని భార్య జీవరత్నమ్మ, మనవరాలు షారోన్ దాని కిందే టార్పాలిన్ కట్టుకున్నారు. వీధివాళ్లంతా అక్కడే గంజి కాచుకున్నారు. నేనూ తాగాను. పన్నెండో రోజున ఢిల్లీశ్వరరావు మిషను రంపం తెచ్చి దాన్ని కోయించాడు. జేసీబీతో మొదలు పెకలించి గ్రావెల్ పోయించాడు. తుపానుకు పడిపోయిందని ఊరంతా చెప్పాడు. గంజి తాగినవాళ్లందరూ అవునవునన్నారు.

చెట్టు కోసేనాటికే అగ్రిమెంటు చేసుకున్న, దానికి తూర్పున ఉన్న స్థలాన్ని మరుసటి ఏడాది కొన్నాడు. దస్తావేజు నా చేతనే రాయించాడు. "పడమర హద్దు జెకర్యా ఇంటిగోడ అని ఎయ్యి బావా. సెట్టేటి, సేమేటి, ఇప్పుడేటీ నేదు గదా?" అన్నాడు. వేశాను. చెట్టు ఉన్న చోటు, దాని నీడ పడే వాకిలి కలిపి పద్దెనిమిది అడుగులు ఒక్క వాక్యంతో అవతలికి పోయాయి.

జీవరత్నమ్మ పాత దస్తావేజు కొంగులో చుట్టుకుని నా అరుగు దగ్గరికి వచ్చింది. "సెట్టు తుపానుకి పడిపోనేదు బాబూ. నా కళ్లెదుట్నే కోసినారు. ఇది నువ్వు రాసిన కాయితమే గదా? సెప్పు బాబూ." చెట్టే లేనప్పుడు హద్దు ఎక్కడని చూపిస్తావమ్మా అన్నాను. ఆమె కాగితాన్ని పాత మడతల మీదే మడుచుకుని వెళ్లిపోయింది. కోర్టుకు వెళ్లింది. 2021లో నన్ను సాక్షిగా పిలిచారు. ఆ చెట్టు ఎక్కడుండేదో జ్ఞాపకం లేదని చెప్పాను. ఆమె ఓడిపోయింది.

కాబట్టి ప్రమాణపూర్వకంగా రాస్తున్నాను: సురపొన్న తుపానుకు పడలేదు, కోయబడింది. అది జెకర్యా స్థలంలోది. ఆ రోజు కోర్టులో నిలబడ్డప్పుడు కూడా నాకు అంతా జ్ఞాపకమే.

5. ఆ చోట ఇప్పుడు రెండంతస్తుల షాపులున్నాయి. పైన పెద్ద అక్షరాలతో "సురపొన్న ఆర్కేడ్" అని రాయించాడు. కేసు గెలిచిన నెలలో అందులో నాలుగో నంబరు గదిని అక్క మీద ప్రేమ అంటూ సుభద్ర పేర రిజిస్టరు చేయించాడు. సరిగ్గా చెట్టు మొదలున్న చోటే, పైన అంతస్తు వేయని చివరి గది అది. సుభద్ర తాళంచెవి ముట్టుకోలేదు. "కోర్టులో ఏం చెప్పారు మీరు?" అని ఒక్కసారి అడిగింది. నేను పేపరు చదువుకున్నాను. చనిపోయేదాకా ఏడాది పాటు ఆమె ఆ వీధి మీదుగా నడవలేదు, చుట్టు తిరిగి మార్కెట్‌కి వెళ్లేది. ఆమె తర్వాత ఆ గది నాకూ నాగసుధకూ వచ్చింది. నాగసుధ తన వంతు నాకు రాసి ఇచ్చేసింది.

సదరు గదిని, దాని కింద నేలతో సహా, జీవరత్నమ్మకు, ఆమె లేకుంటే షారోన్‌కు ఇస్తున్నాను. గోడలు పడగొట్టుకునే హక్కు కూడా ఇందులో చేరినది. పద్దెనిమిది అడుగుల్లో ఇది సగమే. మిగతా సగం నా చేతిలో లేదు.

6. నా దహనానికి పచ్చని చెట్టు ఏదీ కొట్టకూడదు.

7. ఈ వీలునామా చిత్తుప్రతి చదివి నాగసుధ అంది: "పోయాక నిజం చెబితే మీకేం నష్టం నాన్నా? ఉండగా చెప్పండి." అందుచేత గత సోమవారం నాలుగో పేరాను అఫిడవిట్‌గా రాసి నోటరీ ముందు సంతకం చేశాను. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష పడితే పడనీ. ఆ కాగితం పట్టుకుని ఆరేళ్ల తర్వాత జీవరత్నమ్మ వాకిట్లోకి వెళ్లాను. వాకిలంటే ఇప్పుడు అడుగున్నర సందు.

కూర్చోమనలేదు. షారోన్ నర్సింగ్ చదువుతోంది. కాగితం బయటికి చదివింది. జీవరత్నమ్మ చివరిదాకా విని, "పొన్న అని పేరెట్టి రాసినావా?" అని అడిగింది. రాశానన్నాను. గది సంగతి చెప్పి, రేపే ఇద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్దాం, నేనుండగానే మీ పేర దానం రాయించేస్తాను, నువ్వు వచ్చి పుచ్చుకున్నానని వేలిముద్ర వేస్తే చాలు అని బతిమాలాను.

"నీతో కలిసి ఆ మెట్లు నానెక్కను బాబూ" అంది. "నువ్వు పోయినాక నానొక్కత్తినీ ఎల్లి తెచ్చుకుంతాను. అంతవరకూ తాళం నీ దగ్గిరే ఉంచుకో."

తలుపు వేసుకుంది. ఆ గది ఇంకా వీలునామాలోనే ఉండడానికి కారణం ఇదే.

ఇది నేను చదువుకుని, సరిగా ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

టెక్కలి, 17 నవంబరు 2025.

(సం) డబ్బీరు ఉమాపతి

సాక్షులు:
1. గున్నయ్య, టీ దుకాణం, పొగడచెట్టు వీధి. (ఇతనికి నా సైకిలు ఇద్దామనుకున్నాను. వీలునామాలో ఇస్తే సాక్షికి చెల్లదు. అందుకని నిన్ననే ఇచ్చేశాను.)
2. జీవన్ కుమార్, జిరాక్స్ షాపు, కచేరీ వీధి.