మెడ విరిగిన పైపు, ఇద్దరు సాక్షులు

ఈ కాగితం రాస్తున్నది ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దదాన్ని, ముప్పై నాలుగేళ్లుగా పుస్తకాల బైండింగ్ పని చేస్తున్నదాన్ని, పెళ్లి చేసుకోనిదాన్ని, యాభై ఏడేళ్లు నిండినదాన్ని. పొద్దుటి ప్రార్థన ముగించుకుని, తల తేటగా, చెయ్యి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్నాను. ఇదివరకు ఇలాంటిది ఏదీ రాయలేదు కనుక రద్దు చేయవలసినదీ లేదు.

వచ్చే సోమవారం నాకు గుండె ఆపరేషన్. భయం లేదన్నారు డాక్టరు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఫైలు చూస్తున్నారు, నన్ను కాదు.

బుధవారం పదకొండింటికి ఈ కాగితం నా బల్ల మీద ఉంటుంది. ముందుగా చదివేది నా తమ్ముళ్లిద్దరూ. ఒకడు వస్తున్నట్టు ఇంకొకడికి చెప్పలేదు. చెబితే ఇద్దరూ రారు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత కింది అంతస్తులో ఉండే, రిటైరైన పళ్ల డాక్టరు గారిది. ఆయన ఒప్పుకున్నారు. ఎప్పుడో ఆయన నాకిచ్చిన అరిగిన గీకుడు పనిముట్లు రెండూ ఆయనకే తిరిగి చెందుతాయి. పళ్ల మీద గారకీ పొగ పీల్చే పైపు గిన్నెలో మసికీ పెద్ద తేడా లేదని, కాకపోతే పైపు కేకలు పెట్టదని అనేవారు.

2. నేనుంటున్న ఈ రెండు గదులూ నా ఇద్దరు మేనకోడళ్లకు సమానంగా చెందాలి. ఒకతె పెద్ద తమ్ముడి కూతురు, ఒకతె చిన్న తమ్ముడి కూతురు. ఒకే ఊళ్లో ఉంటూ పదకొండేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూడలేదు. అమ్మాయిలూ, మధ్యలో గోడ కట్టుకోకండి. తాళంచెవి ఒకటే ఉంది. రెండోది చేయించకండి.

3. బైండింగ్ సూదులు, దబ్బనాలు, బరువుపెట్టే ఇనుప దిమ్మ నా దగ్గర పని నేర్చుకున్న దర్జీ గారి భార్యకు. ఆమె కుట్టు నాకన్నా బాగుంటుంది. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

4. పైపులు తొమ్మిది. నాన్నవి ఆరు, నావి మూడు. అవును, నేనూ కాలుస్తాను, రోజుకి ఒక్కసారి, సాయంత్రం ప్రార్థన అయ్యాక. మావాళ్లందరికీ తెలుసు. ఎవరూ చూసినట్టు ఉండరు. తొమ్మిదింటిలో ఒక్కటే కొత్తగా కొన్నది, మొక్కజొన్న కండెతో చేసినది. అది టీ ఖరీదుకే వస్తుంది కాబట్టి నాన్న దాన్ని కొన్నట్టు లెక్కలోకి తీసుకునేవాడు కాదు. మిగతావన్నీ ఆదివారం సంతలో, తుప్పు తాళాల కింద, పగిలిన కళ్లద్దాల కింద దొరికినవి. పంపుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి ఆదివారం కూడా చేతులు మురికి చేసుకునేవాడు. ఆ ఒక్క రోజు మాత్రం నవ్వుతూ చేసుకునేవాడు.

ఈ తొమ్మిదీ ఆ సంతలో పాత సామాన్లమ్మే ముసలాయనకు. షరతు ఒకటే. అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకు అమ్మకూడదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, జేబు తడుముకుని కొనేవాళ్లకు ఇవ్వాలి.

5. ఒక్కో పైపుతో పాటు ఈ మాటలు నకలు తీసి ఇవ్వాలి. నాన్న చెప్పినవి, నేను చేసి చూసినవి.

పాత పైపు కొనేటప్పుడు మెరుపు చూడొద్దు. గిన్నెలో వేలు పెట్టి తడమండి. గుంట తగిలితే లోపల కాలిపోయిందన్నమాట, వదిలేయండి. మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉందేమో వెలుతురుకు పట్టి చూడండి. గొట్టం మీద పంటిగాట్లుంటే భయపడకండి, బేరానికి పనికొస్తాయి. ఇంటికి తెచ్చి, మసి గీకి, గిన్నె నిండా ఉప్పు పోసి, ఉప్పు తడిసేదాకా స్పిరిట్ చుక్కలు వేసి మర్నాటిదాకా కదపకండి. ఉప్పు నల్లబడిందంటే పాతవాళ్ల పొగ దిగిపోయింది, ఇక పైపు మీది. పొగాకు మామూలుదే చాలు, మూత బిగిసే జాడీలో ఉంచండి. మొదట అంటించింది ఆరిపోతుంది, ఆరిపోనివ్వండి. మేకు తలతో మెల్లగా అదిమి మళ్లీ అంటించండి. తొందరపడితే నాలుక మండుతుంది. నెమ్మదిగా పీలిస్తే చిటికెడు పొగాకు ముప్పావుగంట వస్తుంది, ఆ ముప్పావుగంటలో ఎవరి మీదా కోపం ఉండదు. ఇవాళ కాల్చినదానికి రేపు సెలవివ్వండి. అందుకే ఒక ఖరీదైన పైపుకన్నా రెండు చౌకవి మేలు.

ఆఖరుది. వేడిగా ఉన్న పైపు గొట్టాన్ని ఎప్పుడూ తిప్పి లాగొద్దు. చల్లారాకే.

6. ఇప్పుడు పదో పైపు.

నాన్న దగ్గర మంచిదంటూ ఒకటే ఉండేది. నల్లచెక్కది, కొడవలిలా వంపు తిరిగినది. అదీ సంతలో దొరికిందే, అమ్మినవాడికి దాని విలువ తెలియలేదు. పాత మేజోడులో దాచుకునేవాడు. పోయిన రోజు పొద్దున అది కావాలన్నాడు. నాలుగు దమ్ములు పీల్చి నా చేతికిచ్చి కళ్లు మూసుకున్నాడు. శుభ్రం చేద్దామని నేను గొట్టం తిప్పాను. వేడిగా ఉంది. టక్‌మంది. మెడ నిలువునా చీలింది. నాన్న కళ్లు తెరవలేదు. సాయంత్రానికి లేడు.

నేను దాన్ని నా దారపుండల డబ్బాలో, అడుగున పెట్టాను.

పదమూడో రోజు సామాను పంచుకోవడానికి కూర్చున్నాం. మేజోడు ఖాళీగా ఉంది. చిన్న తమ్ముడు అంతకుముందు నాన్న రేడియో అమ్ముకున్న మాట నిజం. ఆ ఒక్క నిజం మీద పెద్ద తమ్ముడు మిగతాదంతా కట్టేశాడు. "రేడియో మింగినవాడికి పైపొక లెక్కా? ఎక్కడ అమ్మావో చెప్పరా, వెళ్లి తెచ్చుకుంటాను" అన్నాడు. చిన్నవాడు నావైపు తిరిగి, "నువ్వైనా చెప్పక్కా, నేను అలాంటివాడినా?" అన్నాడు. నా చేతిలో టీ పళ్లెం ఉంది. నేను కప్పులు సర్దుకున్నాను. వాడు చెప్పులేసుకుంటూ, "నీ ఇంట్లో ఇంక మంచినీళ్లు కూడా ముట్టనన్నయ్యా" అన్నాడు. ముట్టలేదు.

ఆ రోజే చెప్పి ఉంటే కప్పు పగిలినంత సంగతి. వారం తర్వాత చెప్పి ఉంటే ఒక తగువు. ఏడాది దాటాక నాకు నోరు రాలేదు. రోజూ వాళ్లిద్దర్నీ కలపమని దేవుణ్ణి అడిగాను. కలిపే మాట నా దగ్గరే దాచుకుని ఆయన్ని అడిగాను. ఈ మధ్య అలా అడగడం మానేశాను, సిగ్గేసి.

పైపు విరగ్గొట్టింది నేను. దాచింది నేను. చిన్న తమ్ముడు దొంగ కాడు. పెద్ద తమ్ముడు అబద్ధమాడలేదు, పొరబడ్డాడు, పొరబడనిచ్చింది నేను. డబ్బా తెరిచి బల్ల మీదే పెడతాను. చూసుకోండి.

7. తమ్ముళ్లిద్దరికీ ఈ వీలునామాలో ఏమీ లేదు. కోపంతో కాదు. సాక్షి సంతకం చేసినవాడికి వాటా చెల్లదట. వకీలు గుమాస్తాని రెండుసార్లు అడిగాను. "ఎవరైనా సొంత తమ్ముళ్లని సాక్షులుగా పెట్టుకుంటారా అమ్మా?" అన్నాడు. అదే కావాలన్నాను.

ఇది కూడా తెలుసుకోండి. వీలునామాకు సాక్షులు ఇద్దరుండాలి, మీలో ఏ ఒక్కడు సంతకం చేయకపోయినా ఈ కాగితం చెల్లదు. అప్పుడు నా గదులు చట్టప్రకారం మీ ఇద్దరికే చెరి సగం వస్తాయి. చేస్తే మీకు దక్కేది లేదు. చేయకపోతే నష్టం లేదు. అది తెలిసే పిలిచాను.

పెద్దవాడా, నువ్వు బస్సు డిపోలో టైమ్ కీపరువి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే సొంత బావమరిదినైనా వెనక్కి పంపేవాడివి. పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చాను. పంపేయాలనుకుంటే పంపెయ్. చిన్నవాడా, ఆ రోజు నువ్వడిగినదానికి ఇప్పుడు చెబుతున్నాను, నువ్వు అలాంటివాడివి కాదు.

తలుపు గడియ పెట్టను. ఎవరు లేచి వెళ్లినా వెనక్కి పిలవను. కూర్చుని ఉంటాను.

పైన రాసినదంతా నా మాటే. తమ్ముళ్లిద్దరూ చూస్తుండగా సంతకం చేస్తున్నాను.

2009 నవంబరు 11, బుధవారం

(సంతకం)
అక్క

మొదటి సాక్షి: పెద్ద తమ్ముడు, బస్సు డిపో టైమ్ కీపరు. (సంతకం)
పదకొండుకు వచ్చాను. పన్నెండూ నలభైకి సంతకం చేశాను. ఆ రోజు నేనన్న మాట తప్పు.

రెండో సాక్షి: చిన్న తమ్ముడు, బోర్డులు రాసే పెయింటరు. (సంతకం)
అక్క మీద కోపం పోలేదు. సంతకం నాదే. కలం అన్నయ్యది.