రోజుకో కొత్త మనిషి

మార్చి 3, సోమవారం. సాయంత్రం.

ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని. సాక్షులు ఇద్దరు: ఈ డైరీ, దుప్పటి.

(దుప్పటి నా రూమ్మేటు. వాడు ముసుగు తీసి ఉండగా చూసినవాళ్ళు మా బ్యాచ్‌లో తక్కువ. అందుకే ఆ పేరు.)

నిన్నటిదాకా నాకూ వాడికీ పెద్ద తేడా లేదు. ఇవాళ మా ప్లేస్‌మెంట్ మేడమ్ ఎంబీఏ మొదటేడు వాళ్ళందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి ఒక మాటన్నారు. "ఉద్యోగాలు ప్రకటనల్లో ఉండవు. మనుషుల దగ్గర ఉంటాయి." హాలంతా చప్పట్లు. నా చప్పట్లు కాస్త ఎక్కువసేపు.

సంగతేమిటంటే, నెలాఖరులోగా వేసవి ఇంటర్న్‌షిప్ ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి. దొరకనివాళ్ళు "కుటుంబ వ్యాపారంలో శిక్షణ" అని రాసిచ్చి ఇంటిదారి పట్టాలి. మా కుటుంబ వ్యాపారం అంటే బాబాయి కుళాయిల దుకాణం. రెండు నెలలు! చుట్టూ షవర్లు, వాష్‌బేసిన్లు, మధ్యలో నేను. బాబాయి అప్పుడే నాకోసం ఓ కుర్చీ తుడిపించి పెట్టాడట. అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. నాకు వెన్నులో చలి పుట్టింది.

సంకల్పం: రోజుకో కొత్త మనిషిని పరిచయం చేసుకోవాలి. మేడమ్ ఇచ్చిన సూత్రాలు:

ముప్పై సెకన్లలో మన గురించి చెప్పేయాలి.
కళ్ళలోకి చూడాలి.
ఎవర్నీ ఉద్యోగం అడక్కూడదు! సలహా అడగాలి. ఉద్యోగం దానంతటదే నడిచొస్తుంది.

మూడోదాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. పైకి చదివి వినిపించాను కూడా.

ముసుగులోంచి దుప్పటి: "నడిచొచ్చాక లేపరా."

మార్చి 4.

బోణీ!! పెద్ద ఆఫీసులుండే భవనంలోకి వెళ్ళి లిఫ్టెక్కాను. కిందికి దిగేటప్పుడు పక్కన నీటుగా టక్ చేసుకున్న ఒకాయన. ముప్పై సెకన్ల ప్రసంగం ఇరవై ఎనిమిదిలో ముగించాను. ఆయన కళ్ళు కూడా ఆర్పకుండా విన్నాడు. ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. చివర్న సలహా అడిగాను.

ఆయన నోరు తెరిచి చూపించాడు. నిండా దూది. మూడో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నాడట, సైగలతో తెలిసింది.

అయినా సరే, పరిచయం పరిచయమే. పేరు తెలీదు. పన్ను లేదని తెలుసు.

మార్చి 6.

విజిటింగ్ కార్డులొచ్చాయి. మెరుపు అక్షరాలు. అమ్మకి ఫోన్ చేశాను.

"కార్డు మీద ఏం వేయించావురా?"

"భవిష్యత్ నాయకుడు."

"ఎలక్షన్లలో నిలబడుతున్నావా ఏంటి, ఖర్మ! మీ బాబాయికి చెప్పావా?"

అమ్మకి మార్కెటింగ్ తెలీదు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

మార్చి 10.

శని, ఆదివారాలు రాయలేదు. సెలవు రోజుల్లో జనాన్ని ఇబ్బంది పెట్టకపోవడం కూడా సంస్కారంలో భాగమే.

ఇవాళ మాత్రం జాక్‌పాట్! ఒక హోటల్ హాల్లో "వృత్తి నిపుణుల పరిచయ సాయంత్రం". దుప్పటి కోటు వేసుకుని వెళ్ళాను (వాడికి దాంతో ఎప్పుడూ పనిపడలేదు). హాలు నిండా కోట్లు! టైలు! టై కట్టుకున్న ఒకాయన దగ్గరికి నడిచి కార్డిచ్చాను. ఆయనా ఇచ్చాడు. చదివాను: "భవిష్యత్ సారథి".

"మీరేం చేస్తుంటారు సార్?" అన్నాను.

"ఇంటర్న్‌షిప్ వెతుక్కుంటున్నాను సార్. మీరు?"

తర్వాతి గంటలో తెలిసింది, హాల్లో అందరూ అదే వెతుక్కుంటున్నారు. ఉద్యోగం ఇచ్చే మొహం ఒక్కటే కనపడింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అందరం మూగాం. నవ్వుతూ అందరి బయోడేటాలూ తీసుకున్నాడు, ఎంత మంచివాడో! చివరికి ఒకమ్మాయి వచ్చి, "నాన్నా, ఇక వెళ్దామా?" అంది.

కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడట. మా బయోడేటాలన్నీ చంకలో పెట్టుకుని స్కూటరెక్కాడు.

మార్చి 17.

కొన్ని రోజులు గడిచాయి. ఎన్నని అడగొద్దు.

సమర్థించుకోవడం కాదు గానీ, గొంతు బాగాలేదు. రెండు రోజులు వాన. ఒకరోజు కోటు ఉతుక్కి వెళ్ళింది. లెక్క సరిచేయడానికి ఇవాళ క్షవరం చేయించుకున్నాను. షాపులో వరసగా కూర్చున్న నలుగురితో మాట్లాడాను, అంటే నాలుగు రోజుల బాకీ తీరింది. ఐదోవాడు నన్ను చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అతన్నీ కలుపుకున్నాను.

మార్చి 19.

జవాబొచ్చింది!!! మా కాలేజీ పాత విద్యార్థిని ఒకావిడ, ఇప్పుడు అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో సేల్స్ హెడ్. ఎప్పుడో పెట్టిన మెసేజ్‌కి ఇవాళ జవాబిచ్చారు: "శుక్రవారం ఆఫీసుకి రండి. కాఫీ తాగుతూ మాట్లాడదాం."

దుప్పటిని లేపాను. "నేనూ వస్తాన్రా. కాఫీ అన్నారుగా" అన్నాడు. అనుచరుడొకడు ఉంటే నాయకుడికి హుందాగా ఉంటుందని సరేనన్నాను.

మార్చి 21, శుక్రవారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిన్న గది. బల్ల మీద రకరకాల అట్టపెట్టెలు, మూడు కాఫీలు, ఒక ప్లేటు బిస్కెట్లు. నా పరిచయం అద్భుతంగా వచ్చింది. దారి పొడుగునా అద్దాల్లో చూసుకుని సాధన చేశాను మరి. ఆవిడ నవ్వారు.

"బాగా మాట్లాడతావే! వేసవికి ఏం చేస్తున్నావు?"

"మీ సలహా తీసుకుందామని వచ్చాను మేడమ్."

"అదే చెప్తున్నా. మా సేల్స్‌లో రెండు నెలలకి ఒకళ్ళు కావాలి. నువ్వు చేస్తావా?"

ఉద్యోగం. నడిచొచ్చింది. కుర్చీలో నా ఎదురుగా కూర్చుంది.

నాకేమో కళ్ళ ముందు రెండు ఎర్రగీతలు.

"అయ్యయ్యో, లేదు మేడమ్!" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. "నేను ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి కాదు. మీ అనుభవంలోంచి నాలుగు మాటలు విందామనే వచ్చాను."

ఆవిడ ముచ్చటపడిపోయారు. "ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలెక్కడున్నారు! సరేలే. నీకు తెలిసినవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు."

నాలుగో బిస్కెట్ నములుతూ దుప్పటి అన్నాడు: "నేనున్నాను మేడమ్."

"నీకేం వచ్చు?"

"ప్రస్తుతానికి ఏం రాదు మేడమ్. నేర్పితే చేస్తాను."

"సోమవారం వచ్చేయ్."

నాకు మాత్రం నాలుగు మాటలు చెప్పారు. బాగున్నాయి. ఒక్కటీ గుర్తులేదు.

బయటికొచ్చాక మెట్ల మీదే పట్టుకున్నాను.

"ఒరేయ్ ద్రోహీ! ఆవిడ నన్ను కదరా అడిగింది!"

"నువ్వొద్దన్నావుగా!"

"మర్యాదకి అన్నాన్రా!"

"మర్యాదకో మనస్ఫూర్తికో ఆవిడకెలా తెలుస్తుంది? నాకే తెలీలేదు." మళ్ళీ వాడే అన్నాడు, "పోనీ, పైకెళ్ళి చెప్పనా? నువ్వే చేరు. నాకేం, పడుకుంటాను."

నిజంగానే అన్నాడు. రెండు మెట్లు ఎక్కాడు కూడా.

"అక్కర్లేదులే. నువ్వే చేరు" అన్నాను.

ఒక్క పూటలో ఒకే ఉద్యోగాన్ని రెండుసార్లు వద్దన్నవాడు మా కాలేజీ చరిత్రలో ఇంకొకడుండడు.

మార్చి 24.

దుప్పటి తెల్లారకముందే లేచాడు. స్నానం చేశాడు. దుప్పటి మడతపెట్టాడు! మంచం మీద దుప్పటి ఉంది, దుప్పటి లేడు. గది బోసిపోయింది.

ప్లేస్‌మెంట్ మేడమ్ దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాను. "మీరే కదా మేడమ్ ఉద్యోగం అడగొద్దన్నారు!"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు అడగొద్దన్నానయ్యా. వాళ్ళిస్తే తీసుకోవద్దని నేనెప్పుడు చెప్పాను?"

మార్చి 28.

ఇవాళ కలిసిన కొత్త మనుషులు: ఎవరూ లేరు. మార్కెట్ మందకొడిగా ఉంది. "పరిచయాలు పెంచుకోవడం ఎలా" అని వీడియోలు చూశాను. ఏడు. మంచం దిగకుండా. దుప్పటి కప్పుకుని. వాడిదే.

సాయంత్రం వాడొచ్చి, టై వదులు చేసుకుంటూ నన్ను చూశాడు. నా కోసం తెచ్చిన పఫ్ బల్ల మీద పెట్టి, లైటు ఆర్పి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 31.

రాసిచ్చేశాను. కుటుంబ వ్యాపారంలో శిక్షణ. గుమాస్తా అడిగాడు, "ఏం వ్యాపారం?" "నీటి సరఫరా అలంకరణ సామగ్రి" అన్నాను. "కుళాయిలా?" అన్నాడు. అవునన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం. దుకాణం.

కుర్చీ బాగుంది. మెత్త కూడా వేయించాడు బాబాయి. వచ్చినవాళ్ళందరికీ, "మా అన్నయ్య కొడుకు. మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు, మన కోసం వచ్చాడు" అని చెప్పుకుంటున్నాడు. ఆ "మన కోసం" అన్నప్పుడల్లా నేను షవర్ల వెనక్కి జరిగాను.

మధ్యాహ్నందాకా అక్కణ్ణుంచే చూస్తూ కూర్చున్నాను. ఒక హోటలాయన. ఒక ఆసుపత్రి మేనేజరు. ఇళ్ళు కట్టేవాళ్ళు ముగ్గురు. నెలంతా ఎవరి కోసం లిఫ్టులెక్కి దిగానో, వాళ్ళంతా వరసపెట్టి మెట్లెక్కి లోపలికొస్తున్నారు! వాళ్ళే ముందు పలకరిస్తున్నారు!

నాలుగింటికి అపార్ట్‌మెంట్లు కట్టే ఒక మేడమ్ వచ్చారు. బాబాయి లోపల సరుకు దింపిస్తున్నాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా మేనేజ్‌మెంట్ చదివే అబ్బాయివి? ఆదివారం మా సైటుకి రాగలవా?" అన్నారు.

ఈసారి మర్యాద లేదు, గుండె మీద చెయ్యి లేదు. ఆవిడ నోరు మూసేలోపు అన్నాను: "వస్తాను మేడమ్! ఉద్యోగం కోసమే వస్తాను. సలహా కోసం కాదు!"

"సలహా నాకెందుకయ్యా? రెండో అంతస్తులో ఏ కుళాయి తిప్పినా నీళ్ళు రావట్లేదు. మీరమ్మినవేగా, వచ్చి చూడమంటున్నా."

లోపల్నుంచి బాబాయి కేక: "ఏంట్రా, ఎవరికి ఉద్యోగం?"

"నాకు బాబాయ్!" అన్నాను.

ఆ మేడమ్ నవ్వి, "ముందు నీళ్ళు రప్పించు బాబూ. తర్వాత చూద్దాం" అన్నారు. నంబరిచ్చారు. బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వైపు చూశాడు. "ఇక్కడుండగానే వెతుక్కుంటున్నావన్నమాట," అని, పనిముట్ల పెట్టె నా వైపు జరిపి, "వెతుక్కో. పెద్ద రెంచి మర్చిపోకుండా పట్టుకెళ్ళు" అన్నాడు.

సంకల్పం, రెండో విడత. మొదటి రోజు.

కొత్త మనిషి: ఒకరు.
అడిగాను: సూటిగా.
ఫలితం: నీళ్ళు రావాలి.